క్యాటమరాన్ అడుగు: ఫుల్ థ్రాటిల్‌లో ముక్కు ఎగిరి పడుతోంది, ఎడమకు తిప్పితే బోల్తా

చెరువుగట్టు — 10 జనవరి, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఆఫీసు నుంచి వచ్చాక రాత్రిళ్లు కూర్చుని నాలుగు నెలల్లో ఒక ఆర్‌సీ (రిమోట్‌తో నడిచే) క్యాట్, అంటే రెండు హల్స్ (పడవ బాడీలు) పక్కపక్కన ఉండే క్యాటమరాన్ మోడల్, కట్టాను. ఇంతకు ముందు కొనుక్కున్న మోనో (ఒంటి హల్ పడవ) ఒకటి నడిపాను కానీ, సొంతంగా హల్ గీసి కట్టడం ఇదే మొదలు.

పొడవు 860 మి.మీ., వెడల్పు 280. స్పాన్సన్ (రెండువైపులా నీటి మీద ఆనే హల్) ఒక్కోటి 80, మధ్యలో టన్నెల్ (వాటి మధ్య గాలి వెళ్లే ఖాళీ) 120. టన్నెల్ వైపు గోడలు నిటారు. అడుగు ఆ గోడ దగ్గర అన్నిటికన్నా కిందికి ఉండి, బయటివైపుకి 18 డిగ్రీల వాలుతో (డెడ్‌రైజ్) లేస్తుంది. 2 మి.మీ. ఏరోప్లై (సన్నటి ప్లైవుడ్), అడుగున 100 జీఎస్ఎం (చదరపు మీటరుకి గ్రాములు) గ్లాస్ క్లాత్, ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు). మోటారు ఒక్కటే, 2000 కేవీ (ఒక్కో వోల్టుకి నిమిషానికి 2000 చుట్లు). 4ఎస్ (నాలుగు సెల్స్, 14.8 వోల్టులు) 5000 ఎంఏహెచ్ బ్యాటరీలు రెండు ప్యారలల్‌లో, స్పాన్సన్‌కి ఒకటి. ప్రాప్ (ప్రొపెల్లర్) 42 మి.మీ., పిచ్ (ఒక చుట్టుకి ముందుకెళ్లే దూరం) దానికి 1.4 రెట్లు. అన్నీ పెట్టాక బరువు 2.7 కిలోలు. చుక్కాని కుడివైపు, టర్న్ ఫిన్ (మలుపులో పట్టు ఇచ్చే నిలువు రేకు) కూడా కుడి స్పాన్సన్‌కే.

సగం థ్రాటిల్ దాకా ఏ ఇబ్బందీ లేదు. అది దాటగానే ముక్కు లేచి పడటం మొదలవుతుంది. మొదట కొంచెమే, తర్వాత ప్రతి గెంతూ ముందుదానికన్నా పెద్దది. థ్రాటిల్ వదిలితే గానీ ఆగదు. జీపీఎస్‌లో గంటకి 71 కి.మీ. చూపించింది. ఇక ఎడమకు తిప్పితే కుడి స్పాన్సన్ నీళ్లలో గుచ్చుకుని పడవ మొత్తం తిరగబడుతోంది. కుడికి తిప్పితే బాగానే తిరుగుతోంది.

అడుగున స్టెప్ (అడ్డంగా మెట్టు) పెట్టాలా, స్ట్రేకులు (పొడుగునా సన్నటి పట్టీలు) అతికించాలా, డెడ్‌రైజ్ తగ్గించి కొత్త హల్ కట్టాలా అని మూడు రోజులుగా నిద్ర లేకుండా ఆలోచిస్తున్నాను. పండక్కి ఊరెళ్తున్నాను. కనుమ రోజు మా చెరువులో మా అక్క పిల్లల ముందు నడపాలని ఆశ. దయచేసి చెప్పండి.


పొర మీద పొర — 10 జనవరి, రాత్రి 10:05

బ్రో, బాగా కట్టారు. ముక్కు గెంతడానికి అందరం ముందు చేసేది స్ట్రట్ (ప్రాప్ షాఫ్ట్‌ని వెనక పట్టుకునే బ్రాకెట్) వంచడం. స్ట్రట్ వెనక కొస ఒక డిగ్రీ కిందికి దించితే ప్రాప్ తోపు వెనకభాగాన్ని పైకి లేపుతుంది, ముక్కు దానంతట అదే కిందికి నొక్కుకుంటుంది. పది నిమిషాల పని. ముందు అది చేసి చూడండి.


రేవు మాస్టారు — 10 జనవరి, రాత్రి 10:50

తమ్ముడూ, స్ట్రట్ జోలికి ఇప్పుడే వెళ్లకు. జ్వరం ఎందుకొచ్చిందో తెలియకుండా మాత్ర వేసుకున్నట్టు అవుతుంది. స్ట్రట్ వంచితే గెంతు తగ్గొచ్చు, కానీ అడుగులో తప్పు అడుగులోనే ఉండిపోతుంది. దాన్ని ఈడ్చుకుంటూ తిరగడానికి బ్యాటరీ కాలిపోతుంది.

నేను విశాఖలో ఓడలు కట్టేచోట లాఫ్టింగ్ హాల్లో ముప్పై ఏళ్లు చేశాను. అసలు కొలతలతో నేలమీద గీతలు గీసి, సన్నటి చెక్క బద్దలు వంచి, గీత ఎక్కడ నలిగిందో కంటితో చూసి సరిచేయడమే మా పని. మోడల్ అయినా ఓడ అయినా ముందు కొలవాలి. నాకు మూడు సంగతులు కావాలి.

ఒకటి, హల్‌ని తలకిందులుగా బల్ల మీద పెట్టు. 300 మి.మీ. స్టీల్ స్కేలుని దాని అంచు మీద నిలబెట్టి, ట్రాన్సమ్ (పడవ వెనక పలక) నుంచి ముందుకి అడుగు మీద ఆనించు. వెనక నుంచి సెల్‌ఫోన్ లైటు వెయ్యి. స్కేలు కింద వెలుతురు ఎక్కడ కనిపిస్తోంది, ఎంత కనిపిస్తోంది? ఆ సందులో ఎన్ని ఏ4 కాగితాలు దూరుతాయో లెక్కపెట్టు. మామూలు 80 జీఎస్ఎం కాగితం మందం 0.1 మి.మీ. కాబట్టి పది కాగితాలంటే ఒక మిల్లీమీటరు.

రెండు, ట్రాన్సమ్ దగ్గర అడుగు అంచుని బొటనవేలి గోటి మీద అడ్డంగా లాగు. గోరు గీరుకుంటోందా, జారిపోతోందా?

మూడు, బ్యాటరీలతో సహా పడవని రెండు వేళ్ల మీద ఆపి, బరువు ఎక్కడ సమంగా నిలబడుతోందో ట్రాన్సమ్ నుంచి కొలిచి చెప్పు.


చెరువుగట్టు — 11 జనవరి, ఉదయం 7:15

మాస్టారూ, పొద్దున్నే లేచి కొలిచాను. స్కేలు ఆనించగానే ఊయల బల్లలా ఊగింది. మధ్యలో ఒకచోట ఆనుతోంది, ట్రాన్సమ్ దగ్గర సందు ఉంది. ఎడమ స్పాన్సన్‌లో 12 కాగితాలు దూరాయి, కుడి స్పాన్సన్‌లో 7. గోరు అస్సలు గీరుకోలేదు, అంచు నున్నగా గుండ్రంగా ఉంది. ఫినిషింగ్ బాగుండాలని నేనే చేత్తో సాండ్ పేపర్ పట్టాను. బరువు కేంద్రం ట్రాన్సమ్ నుంచి 212 మి.మీ.


రేవు మాస్టారు — 11 జనవరి, ఉదయం 8:30

నీ జబ్బు దొరికింది. ఈ మూడూ కలిసే ముక్కుని గెంతిస్తున్నాయి.

చిన్నప్పుడు చెరువులో పెంకు విసిరి కప్పగంతులు వేయించావు కదా. బల్లపరుపుగా ఉండి అంచు పదునుగా ఉన్న పెంకు నీటిని కిందికి తోస్తుంది, నీరు దాన్ని పైకి తోస్తుంది. గుండ్రటి గులకరాయి విసిరితే బుడుంగున మునుగుతుంది. ప్లేనింగ్ (వేగంలో పడవ నీటి మీదికి ఎక్కి జారడం) అంటే ఆ పెంకు పనే. ట్రాన్సమ్ దగ్గరికి వచ్చేసరికి నీరు అడుగుని టక్కున వదిలేసి పోవాలి. వదలకపోతే ఏమవుతుందో ఇప్పుడే వంటింట్లోకి వెళ్లి చూడు. కుళాయి సన్నగా తిప్పి, చెంచాని తోక పట్టుకుని వేలాడదీసి, దాని వీపుని ధారకి తగిలించు. ధార చెంచాని దూరంగా నెట్టదు, లోపలికి లాక్కుంటుంది. వంపు వెంట నీరు అతుక్కుని ఒరిగిపోతుంది, ఆ లాగుడు చెంచా మీద పడుతుంది.

నీ హల్ వెనకభాగం ఆ చెంచా వీపే. 12 కాగితాల వంపు, పైగా గుండ్రటి అంచు. వేగం పెరిగేకొద్దీ నీరు వెనకభాగాన్ని కిందికి పీలుస్తుంది, ముక్కు లేస్తుంది. రెండు స్పాన్సన్లలో వంపు ఒకేలా లేదు కాబట్టి పీల్పు కూడా రెండువైపులా ఒకేలా ఉండదు. వీడియో ఉంటే చూసుకో, గెంతేటప్పుడు కొంచెం ఎడమకి ఒరుగుతూ ఉండాలి.

అడుగు సాపు, అంచు పదును. వేగంగా వెళ్లే క్యాట్‌కి చివరి 200 మిల్లీమీటర్లలో ఈ రెండూ ఉంటే, ముందుభాగంలో చిన్నచిన్న తప్పులు ఉన్నా నడిచిపోతుంది.


చెరువుగట్టు — 11 జనవరి, ఉదయం 9:02

చెంచా చూశాను. అమ్మని కూడా పిలిచి చూపించాను. వీడియో మళ్లీ వేసి చూస్తే మీరు చెప్పినట్టే ఎడమకి ఒరుగుతోంది!

ఒక సందేహం. సాండ్ పేపర్ వల్ల అంచు గుండ్రమైంది, సరే. కానీ 12 కాగితాల వంపు నేను అరగదీసింది కాదు. ఫ్రేములు కోసేటప్పుడే అలా గీశాను. ఇంటర్నెట్‌లో దొరికిన ఒక క్యాటమరాన్ ప్లాన్ పక్కవైపు గీత చూసి, అందంగా ఉందని తీసుకున్నాను. అందులో అడుగు వెనక్కి వచ్చేకొద్దీ మెల్లగా పైకి లేస్తుంది.


గాలివాటం — 11 జనవరి, ఉదయం 10:20

అది తెరచాప క్యాట్ ప్లాన్ అయ్యుంటుంది. నేను బెంగళూరులో తెరచాప మోడళ్లే నడుపుతాను, అందుకే ఆ గీత వినగానే గుర్తుపట్టాను.

తెరచాప క్యాట్ హల్స్ చాలా సన్నగా ఉంటాయి. వెడల్పుకి పన్నెండు రెట్లు, పదిహేను రెట్లు పొడవు. అవి నీటి మీదికి ఎక్కి జారవు, నీటిని సన్నగా చీల్చుకుంటూ వెళ్తాయి. అంత సన్నటి హల్ లేపే అల చాలా చిన్నది కాబట్టి, మామూలు పడవని ఆపేసే అలల అడ్డు వాటికి పెద్దగా ఉండదు. 1876లో అమెరికాలో నథానియల్ హెరెషాఫ్ కట్టిన అమరిల్లిస్ అనే రెండు హల్స్ పడవ న్యూయార్క్ పందెంలో ఒంటి హల్ పడవల్ని దాటిపోయింది ఇందుకే. మేము కట్టేవి మినీ 40 అనే క్లాసు పడవలు. వాటి అడుగు సగం గొట్టంలా గుండ్రంగా ఉంటుంది. వెనక్కి వచ్చేకొద్దీ అడుగు పైకి లేవాలి, లేకపోతే ట్రాన్సమ్ నీళ్లలో మునిగి వెనకాల సుడులు తీస్తుంది. గాలి తగ్గినప్పుడు అది పెద్ద నష్టం.

అంటే మాకు ప్రాణమైన వంపే మీకు శత్రువు. రెండింటినీ క్యాటమరాన్ అనే పిలుస్తాం, ప్లాన్లు ఒకే ఫోల్డర్‌లో దొరుకుతాయి. ఈ పొరపాటు చాలామంది చేస్తారు.


ఉప్పుటేరు — 11 జనవరి, మధ్యాహ్నం 1:10

పేరు మాట వచ్చింది కాబట్టి కాకినాడ వాడిగా ఒక్క ముక్క. క్యాటమరాన్ అనే మాట తమిళం కట్టుమరం నుంచి వెళ్లింది. కట్టిన మాను అని. మన తీరంలో దాన్నే తెప్ప అంటాం. అయితే తెప్పలో రెండు హల్స్ ఉండవు. చెక్కిన దుంగల్ని పక్కపక్కన పేర్చి తాళ్లతో బిగిస్తారు, ఒడ్డుకి రాగానే విప్పి ఆరబెడతారు. రెండు హల్స్ పడవలు పసిఫిక్ దీవుల వాళ్లవి. పేరు మాత్రం మన తీరానిది అతుక్కుపోయింది. మా తాతల తెప్ప పేరుతో ప్రపంచమంతా పడవలు పిలుస్తున్నారంటే నాకు చాలా గర్వంగా ఉంటుంది.


హడ్సన్ తీరం — 11 జనవరి, రాత్రి 8:45

న్యూజెర్సీ నుంచి. మాస్టారు చెప్పినదానికి లెక్క జోడిస్తాను.

ముక్కు లేచినప్పుడు నీటిని తాకే భాగం వెనక్కి జరుగుతుంది, పైకి తోసే బలం బరువు కేంద్రానికి వెనక్కి వెళ్తుంది, ముక్కు పడుతుంది. పడగానే తడిసే భాగం ముందుకి వస్తుంది, మళ్లీ లేస్తుంది. మామూలుగా ఈ ఊపు నాలుగు గెంతుల్లో చచ్చిపోవాలి. పడవ మరీ ముక్కు ఎత్తుకుని నడుస్తుంటే చావదు, పెరుగుతుంది. పెద్ద పడవల్లోనూ ఇదే జరుగుతుంది. మా పక్క ఊరు హోబోకెన్‌లో స్టీవెన్స్ ఇన్‌స్టిట్యూట్ వారి డేవిడ్‌సన్ లాబొరేటరీ ఉంది. అక్కడ పనిచేసిన డేనియల్ సావిట్‌స్కీ 1964లో ప్లేనింగ్ హల్స్‌కి ఇచ్చిన సూత్రాలనే ఇప్పటికీ వాడుతున్నారు. అడుగు నీటికి దాదాపు 4 డిగ్రీల కోణంలో ఉన్నప్పుడు అడ్డు తక్కువగా ఉంటుందని ఆ లెక్కల్లో తేలుతుంది. కోణం పెరుగుతూ పోతే గెంతు మొదలవుతుంది. మన క్యాట్లలో నేను 2, 3 డిగ్రీలకే సెట్ చేస్తాను, ఎందుకంటే టన్నెల్‌లో గాలి కూడా ముక్కుని లేపుతుంది.

ఇక బరువు. క్యాట్లకి మేమందరం ట్రాన్సమ్ నుంచి పొడవులో 30 శాతం దగ్గర మొదలుపెడతాం. మీ 860కి అది 258. మీది 212, అంటే 25 శాతం కూడా లేదు. 46 మి.మీ. ముందుకి రావాలి. మీ బ్యాటరీలు రెండూ కలిపి ఒక కిలో అనుకుంటే, 46 × 2.7 = 124. బ్యాటరీలు 124 మి.మీ. ముందుకి జరగాలి. అంత చోటు ఉందా?

స్పీడు సంగతి. 14.8 వోల్టులు × 2000 = నిమిషానికి 29,600 చుట్లు. మీ ప్రాప్ పిచ్ 42 × 1.4 = 58.8 మి.మీ. కాగితం మీద గంటకి 104 కి.మీ. మోటారు మీద లోడు, ప్రాప్ జారుడు పోను ఇందులో మూడు వంతులు వస్తే మంచి హల్. మీకు 71 వస్తోంది. కాబట్టి ఎవరు పెద్ద ప్రాప్ వేయమన్నా వేయకండి. శక్తి చాలినంత ఉంది, అడుగు తినేస్తోంది.


చెరువుగట్టు — 11 జనవరి, రాత్రి 9:30

అన్నా, చాలా థాంక్స్. బ్యాటరీలు రెండూ కలిపి తూకం వేస్తే 1010 గ్రాములు. 95 మి.మీ. దాకా చోటుంది, ఆ తర్వాత ఫ్రేము అడ్డం. ఆ ఫ్రేముకి కన్నం పెంచొచ్చు కానీ ఊళ్లో చేయాలి. ప్రస్తుతానికి 95 జరిపి చూస్తాను.

మరి స్టెప్ సంగతి? పాత బోట్ల వీడియోల్లో ఎక్కడ చూసినా అడుగున స్టెప్ ఉంటోంది.


పొర మీద పొర — 11 జనవరి, రాత్రి 9:55

నేను పెట్టాను, చెప్తాను. నాది 600 మి.మీ. 3డీ ప్రింటెడ్ హల్, మధ్యలో 4 మి.మీ. స్టెప్. తిన్నగా వెళ్లేటప్పుడు స్టెప్ లేని నా పాత హల్ కన్నా తేడా స్పష్టంగా తెలిసింది. అడుగంతా తడవకుండా ముందొక ముక్క, వెనకొక ముక్క మాత్రమే నీటిని తాకుతాయి. రాపిడి తగ్గుతుంది. కాబట్టి స్టెప్ వద్దు అని కొట్టిపారేయడం నాకు నచ్చదు.


రేవు మాస్టారు — 11 జనవరి, రాత్రి 10:40

కొట్టిపారేయడం లేదు బాబూ. స్టెప్ మంచి పనిముట్టు. కానీ అది పనిచేయాలంటే స్టెప్ వెనకాల ఉన్న ఖాళీలోకి గాలి ధారాళంగా రావాలి. దారి బయటి చైన్ (అడుగు, పక్కగోడ కలిసే మూల) దగ్గర తెరుచుకుని ఉండాలి. గాలి అందకపోతే ఆ ఖాళీలో పీల్పు పుడుతుంది, స్టెప్ బ్రేకులా పట్టేస్తుంది. పైగా బరువు కేంద్రం ఆ రెండు ఆసరాల మధ్య సరిగ్గా పడాలి. రెండు కాళ్ల పీట మీద కూర్చున్నట్టు.

ఈ తమ్ముడి హల్‌కి వెనక కాలే వంకర. వంకర కాలున్న పీటకి ఇంకో కాలు తగిలిస్తే ఏది ఊగుతోందో కూడా తెలియదు. ముందు సాపు చేయనివ్వు.


పొర మీద పొర — 11 జనవరి, రాత్రి 10:52

ఒప్పుకుంటున్నా మాస్టారూ. గాలి దారి మాట నిజం. నా హల్‌కి రెండో కోటు ప్రైమర్ కొట్టినప్పుడు చైన్ దగ్గర మూల నిండిపోయి, అప్పుడు స్పీడు పడిపోయింది. గీకేశాక తిరిగొచ్చింది. ఎందుకో అప్పుడు అర్థం కాలేదు.

చెరువుగట్టు బ్రో, స్ట్రట్ సలహా వెనక్కి తీసుకుంటున్నాను. వంచకండి. సున్నా డిగ్రీల్లో ఉంచి, షాఫ్ట్ మధ్య గీత స్పాన్సన్ అడుగుతో సమానంగా ఉండేలా ఎత్తు పెట్టుకోండి.


నీటిబొట్టు — 11 జనవరి, రాత్రి 11:15

నేను కొత్త మెంబర్ని. మా అమ్మాయి స్కూల్ సైన్స్ ఫెయిర్‌కి చిన్న క్యాట్ ప్రింట్ చేయించాం, పీఎల్ఏ అనే ప్లాస్టిక్‌లో. మొన్న కారులో వదిలి వెళ్లి వచ్చేసరికి అడుగు మెలి తిరిగింది. ఇది పనికొస్తుందా?


పొర మీద పొర — 11 జనవరి, రాత్రి 11:20

లేదు మేడం, సాపు చేయడం కష్టం. పీఎల్ఏ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. ఎండలో అద్దాలు మూసిన కారు దానికి పొయ్యిలాంటిది. పీఈటీజీలో మళ్లీ ప్రింట్ చేయించండి, అది దాదాపు 80 దాకా తట్టుకుంటుంది. అడుగు భాగాన్ని నిలువుగా ప్రింట్ చేస్తే పొరల గీతలు నీటికి అడ్డంగా వస్తాయి, వాటిని ఎపాక్సీ పూసి సాపు చేయాలి. ఆ చివరి భాగం మాత్రం అమ్మాయితోనే చేయించండి, అందులోనే విషయమంతా ఉంది.


రేవు మాస్టారు — 12 జనవరి, ఉదయం 6:10

చెరువుగట్టు తమ్ముడికి. ఇవాళ ఆదివారం కాబట్టి మొత్తం రాస్తున్నాను, ఇవాళే చెయ్యి. ఎపాక్సీకి ఒక రాత్రి గట్టిపడే సమయం కావాలి.

నీ స్పాన్సన్ అడుగు ఒక్కో వైపు ఒకే పలక. అది నీ అదృష్టం. అద్దాల షాపుకి వెళ్లి 250 × 90 కొలతలో 8 మి.మీ. మందం గాజు ముక్కలు రెండు కోయించు. కిటికీ అద్దం వద్దు, సన్నగా ఉంటే నొక్కినప్పుడు వంగుతుంది. ముక్కల అంచులు అరగదీయించు, చేతులు తెగుతాయి.

అడుగు చివరి 220 మి.మీ. మేర 80 నంబరు పేపర్‌తో గరుకు చెయ్యి. పెయింట్, గ్లాస్ మెరుపు పోవాలి. గాజుకి పల్చటి ప్లాస్టిక్ షీటు ముడత లేకుండా చుట్టు. ఎపాక్సీలో మైక్రో బెలూన్లు (సన్నటి బుడగల తేలికపాటి పొడి) కలుపు. గరిటెతో ఎత్తితే జారకుండా, దోసెపిండి కన్నా గట్టిగా, గారెల పిండిలా ఉండాలి.

ఇప్పుడు అసలు పని. హల్ తలకిందులుగా ఉంది కదా. ట్రాన్సమ్ వెనకాల ప్యాకింగ్ టేపుని అడుగు అంచు కన్నా 3 మి.మీ. పైకి నిలబడేలా అంటించు. గోడలా నిలుస్తుంది. టన్నెల్ వైపు అంచుకి కూడా అలాగే. ఆ గోడల మధ్య పిండి నింపి, పైన గాజు పెట్టి మెల్లగా నొక్కు. ముందువైపు గాజు పాత అడుగు మీద ఆనాలి, వెనకవైపు పిండి మీద తేలాలి. పక్కల నుంచి పిండి పొంగి బయటికి వస్తే చాలినంత పడిందన్నమాట. రెండు గాజులూ ఒకే కోణంలో ఉన్నాయా లేదా, ట్రాన్సమ్ అడ్డంగా చూసి, మూలమట్టంతో చూసి సరిచెయ్యి. అక్కడ తేడా వస్తే పడవ జీవితాంతం ఒకవైపే లాగుతుంది.

పొద్దున గాజు తీశాక టేపు ఒలిచెయ్యి. అంచు దానంతట అదే కత్తిలా వస్తుంది. దాన్ని చేత్తో పట్టిన పేపర్‌తో మాత్రం ముట్టుకోవద్దు! గట్టి చెక్కముక్కకి పేపర్ అంటించి, అడుగు మీద పొడుగునా లాగు. అంచు దాటి కిందికి వాలనివ్వకు.


చెరువుగట్టు — 12 జనవరి, రాత్రి 11:30

చేశాను మాస్టారూ. షాపాయన ఆదివారం కూడా తెరిచి, గాజు ముక్కలకి డబ్బులు తీసుకోలేదు. దేనికని అడిగితే పడవకని చెప్పాను, చాలాసేపు మాట్లాడాడు. గాజు మీద ఇటుక పెట్టలేదు, బరువెక్కువై జారుతుందేమోనని రెండు పుస్తకాలు పెట్టాను. రాత్రి చలిగా ఉంది కదా, ఎపాక్సీ గట్టిపడుతుందో లేదోనని పైన దుప్పటి గూడు కట్టి పాత 60 వాట్ల బల్బు వెలిగించాను. అరగంటకోసారి లేచి చూస్తున్నాను.


చెరువుగట్టు — 13 జనవరి, ఉదయం 6:45

స్కేలు పెట్టాను. ఎడమవైపు ఒక్క కాగితం కూడా దూరలేదు. కుడివైపు ట్రాన్సమ్ నుంచి 150 దగ్గర ఒక కాగితం దూరింది. గోరు గీరుకుంటోంది. బ్యాటరీలు 95 జరిపాక బరువు కేంద్రం 247. చేతులు వణుకుతున్నాయి ఆనందంతో. ఇవాళ బస్సు.


రేవు మాస్టారు — 13 జనవరి, ఉదయం 7:05

ఒక్క కాగితాన్ని నీరు పట్టించుకోదు. వెళ్లిరా. ఎడమ మలుపుకి కూడా మందు తీసుకెళ్లు. ఆ ఫిన్ సంగతి హడ్సన్ గారు చెప్తారు.


హడ్సన్ తీరం — 13 జనవరి, ఉదయం 7:40

ఆర్‌సీ పందేల్లో పడవలు సవ్యదిశలో, అంటే కుడి మలుపులే తిరుగుతాయి. అందుకే ఫిన్ కుడి స్పాన్సన్‌కి ఉంటుంది. కుడికి తిరిగేటప్పుడు అది లోపలివైపు ఉండి పడవ పక్కకి జారకుండా పట్టుకుంటుంది. ఎడమకి తిరిగేటప్పుడు అదే ఫిన్ బయటివైపు వస్తుంది. బరువంతా ఆ స్పాన్సన్ మీదే పడి ఉంటుంది, ఫిన్ కాలు అడ్డం పెట్టినట్టు పట్టేస్తుంది. పడవ దాని మీదుగా దొర్లిపోతుంది. మీరు పందెంలో లేరు కాబట్టి ఊళ్లో ఫిన్ తీసేసి నడపండి, మలుపులు వెడల్పుగా తీసుకోండి.

ఇంకో కారణం మీ బయటి గోడ. అడుగు, పక్కగోడ కలిసే మూల నిటారుగా ఉన్నట్టుంది. అక్కడ 35, 40 డిగ్రీల ఏటవాలు కోత ఉండాలి. పడవ ఒరిగినప్పుడు ఆ ఏటవాలు నీటి మీద జారుతుంది, గుచ్చుకోదు. ఇది తర్వాతి హల్‌లో పెట్టుకోండి.


చెరువుగట్టు — 16 జనవరి, ఉదయం 10:20

నిన్న కనుమ. పొద్దున ఎనిమిదింటికే చెరువు దగ్గరికి వెళ్లాం. మంచు ఇంకా పూర్తిగా విడలేదు. ఒకవైపంతా గుర్రపుడెక్క పరుచుకుని ఉంది, రెండోవైపు నీళ్లు అద్దంలా ఉన్నాయి. అక్క పిల్లలతో పాటు వీధిలో పిల్లలు ఇరవై మంది దాకా గట్టు మీద కూర్చున్నారు.

సగం థ్రాటిల్. ముప్పావు. పూర్తి. గెంతు లేదు! ఒక్కసారి కూడా లేదు. ఇంతకు ముందు వెనకాల నీళ్లు గుట్టలా లేచేవి, ఇప్పుడు రెండు తెల్లటి గీతలు, మధ్యలో ప్రాప్ చిమ్మే తోక మాత్రమే. జీపీఎస్‌లో 80. ఫిన్ లేకుండా ఎడమకీ తిప్పాను, కొంచెం జారింది కానీ తిరగబడలేదు.

తర్వాత పదిన్నరకి గాలి మొదలైంది. ఎదురుగాలిలో ఫుల్ కొట్టగానే ముక్కు మెల్లగా లేచి, లేచి, అలాగే గాల్లోకి లేచిపోయి వెనక్కి వెల్లకిలా పడింది. గెంతడం కాదు, గాలిపటంలా లేచింది. మూతకి టేపు వేసినందువల్ల, లోపల థర్మాకోల్ నింపినందువల్ల మునగలేదు. చేపల వల వేసే బాబాయి ఒకాయన తెప్ప మీద వెళ్లి తెచ్చిచ్చారు. ఇది మళ్లీ అడుగు తప్పా?


హడ్సన్ తీరం — 16 జనవరి, రాత్రి 7:30

80కి అభినందనలు! కాగితం మీది 104లో మూడు వంతులు దాటారు.

వెల్లకిలా పడటం నీటి వైపు తప్పు కాదు, టన్నెల్ వైపు. లెక్క చూడండి. గంటకి 80 అంటే సెకనుకి 22 మీటర్లు. ఆ వేగంలో గాలిని పూర్తిగా ఆపితే పుట్టే ఒత్తిడి దాదాపు 300 పాస్కల్స్. మీ టన్నెల్ కప్పు 120 × 500 అనుకుంటే 0.06 చదరపు మీటర్లు. మొత్తం ఒత్తిడి పడితే 18 న్యూటన్లు, అంటే 1.8 కిలోలు. అంతా పడదు, కానీ సగం పడినా 2.7 కిలోల పడవలో మూడో వంతు బరువుని గాలే మోస్తోంది. ఎదురుగాలి 15 కలిస్తే గాలికి మీ వేగం 95. ఒత్తిడి వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి ఒక్కసారిగా 40 శాతం ఎక్కువ. ముక్కు కొంచెం లేస్తే టన్నెల్ ఇంకా గాలి పట్టుకుంటుంది, ఇంకా లేస్తుంది.

టన్నెల్ ఎత్తు ముందు ఎంత, వెనక ఎంత? అడుగు నుంచి కొలవండి.


చెరువుగట్టు — 16 జనవరి, రాత్రి 8:10

ముందు 48, ట్రాన్సమ్ దగ్గర 30. మధ్య దూరం 500.


హడ్సన్ తీరం — 16 జనవరి, రాత్రి 8:25

అంటే కప్పు అడుగుతో 2 డిగ్రీల పైనే కోణంలో ఉంది. పడవ 3 డిగ్రీల్లో నడుస్తుంటే గాలికి 5 డిగ్రీలు. ఎక్కువ. తర్వాతి హల్‌లో ముందు 40, వెనక 30 పెట్టండి, 1 డిగ్రీ చిల్లర వస్తుంది. ఈ హల్‌కి ఫ్రేము కన్నం పెంచి బ్యాటరీలు ఇంకో 25 మి.మీ. జరిపితే బరువు కేంద్రం 256 దగ్గరికి వస్తుంది, చాలావరకు సర్దుకుంటుంది. ఎదురుగాలిలో ముప్పావు థ్రాటిల్ దాటకండి.


రేవు మాస్టారు — 16 జనవరి, రాత్రి 9:15

తమ్ముడూ, పిల్లలు చూశారు, అది చాలు నాకు.

కొత్త హల్ గీసేటప్పుడు ఇంకొకటి మార్చు. ఇప్పుడు నీ అడుగు టన్నెల్ గోడ దగ్గర కత్తి అంచులా ముగుస్తోంది. అక్కడ 10 మి.మీ. వెడల్పు చదును పట్టీ పెట్టి, ఆ తర్వాత 18 డిగ్రీల వాలు మొదలుపెట్టు. పూర్తి వేగంలో పడవ ఆ పట్టీల మీదే నడుస్తుంది, వాలు భాగం దాదాపు పొడిగా ఉంటుంది. డెడ్‌రైజ్ తగ్గించకు, చెరువులో అలకి అదే మెత్తగా తగులుతుంది. ట్రాన్సమ్ నుంచి 350 దాకా అడుగు గీత స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉండాలి. వంపు మొదలయ్యేది ఆ తర్వాతే.


చెరువుగట్టు — 16 జనవరి, రాత్రి 9:40

అలాగే మాస్టారూ. అక్క ఇంట్లోనే అట్టముక్క మీద ట్రాన్సమ్ ఫ్రేము గీశాను. పట్టీ 10, వాలు 18 డిగ్రీలు, బయటి మూలకి 38 డిగ్రీల కోత, టన్నెల్ ఎత్తు 30. రెండో స్పాన్సన్‌ది విడిగా గీయకుండా ఇదే అట్టని తిప్పి వాడుతున్నాను, అప్పుడైతే రెండువైపులా తేడా రాదు. ఫొటో పెడుతున్నాను, ప్లై కోసే ముందు ఒక్కసారి చూడండి.


రేవు మాస్టారు — 16 జనవరి, రాత్రి 10:02

చూశాను. పట్టీ, వాలు కలిసేచోట పెన్సిల్ గీత గుండ్రంగా తిరిగింది. అక్కడ మూల రావాలి. స్కేలు పెట్టి మళ్లీ గీసి, అప్పుడు కొయ్యి.